నాలుగు కడియాల కుర్చీ

దబ్బలవలస,
5-9-1968.

రాజాం వడ్రంగి జగన్నాధం గారికి,

నమస్కారం. నేను మీకు తెలియను. దబ్బలవలస బడిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన జంగం సోములు మాస్టారి కుమార్తెను. పేరు నీలవేణి. విజయనగరం కాన్వెంటులో చదువుకున్నాను. ఎదుటపడి మాట్లాడటం నాకు చేతకాదు కనుక రాస్తున్నాను.

నాన్నగారికి చేతులున్న కుర్చీ ఒకటి కావాలి. డాక్టరు గారు చెప్పిన ప్రకారం ఆయన ఇక పడుకోకూడదు. పగలూ రాత్రీ కూర్చునే ఉండాలి. జబ్బు వివరాలు కొత్తవారికి రాయడం మర్యాద కాదు.

కొలతలు: పీట వెడల్పు ఇరవై ఎనిమిది అంగుళాలు. ఆయన కుర్చీలో కూడా బాసింపట్టు వేసుకునే కూర్చుంటారు. వీపు పలక నడినెత్తి దాకా ముప్పై మూడు అంగుళాలు. మెడ నిలవడం లేదు. ముందుకు ఒరిగిపోకుండా ఎదురుగా ఒక అడ్డపలక ఉండాలి.

కాన్వెంటు లైబ్రరీలో కుర్చీల బొమ్మల పుస్తకం ఉంది. అందులోంచి మూడు నమూనాలు పల్చటి కాగితం మీద ఎత్తి పంపుతున్నాను. మొదటిదాని కాళ్లు సింహం పంజాలు. రెండోదాని చేతులు హంస మెడలు. మూడోదానికి వీపు మీద శంఖం. ఏది వీలైతే అది చెయ్యండి. కార్తీకం చలి ముదిరే లోపల కావాలి.

ఇట్లు,
భవదీయురాలు,
జె. నీలవేణి.

తా.క. బడిలో రెండు కుర్చీలుండేవి. చేతులున్నది ఏడాదికొకసారి వచ్చే ఇన్‌స్పెక్టరు గారిది. చేతులు లేనిది నాన్నగారిది. ఆయన రోజూ మొదటిదాన్ని తుడిచి రెండోదాంట్లో కూర్చునేవారు. అందువల్ల చేతులు తప్పనిసరి.

* * *

రాజాం,
11-9-68.

మాస్టారి అమ్మాయి గారికి రాజాం జగన్నాధం దండాలు పెట్టి రాయించుకోకుండా తనే రాసుకున్నది.

నేను నాలుగో క్లాసు. మాటాడినట్టే రాస్తాను. తప్పులుంటే మాస్టారికి సూపించకండి. మీ ఉత్తరం సదివితే మా ఇంటిది దాలమ్మ కళ్లొత్తుకున్నాది. ఇంత సిన్న పిల్ల ఇంత నిబ్బరంగా ఎలా రాసిందో అన్నాది.

మీ జంగాల ఇళ్లకి మా తాత కాలం నుంచీ ఈ పని మేవే సేస్తన్నాం. కొలతలు సూడగానే ఏ పనో తెలిసిపోయింది. మీరు విడమరిసి సెప్పక్కర్లేదు.

సింహం కాళ్లు వద్దు తల్లీ. జమీ బంగళాలో ఎనిమిది కుర్చీలకి మా తాత సింహాలు సెక్కాడు. జమీ పోయింది, సింహాల్ని సెద తింది. హంసలు కరణాల ఇళ్లకి. మీకు అటొక నంది ఇటొక నంది, తల మీద లింగం. అదే పద్ధతి. మావిడి సెక్క సాలు. ఒక్క పూట కూకునేదానికి టేకు దండగ. నాలుగు కడియాలు ఎలాగూ వేస్తాను.

కార్తీకం లోపల అన్నారు. దానికి మనం నెల పెట్టగలవా అమ్మా?

ఇట్లు తమ సేవకుడు,
జగన్నాధం.

తా.క. మాస్టారికి మాత్రం ఈ సంగతి తెలియనియ్యకండి.

* * *

దబ్బలవలస,
18-9-1968.

జగన్నాధం గారికి,

నమస్కారం. నందులు బాగుంటాయి. నాన్నగారికి చెప్పాను. చాలా సంతోషించి, కుడివైపు నంది కొంచెం ఎడమవైపు చూస్తే అందంగా ఉంటుందన్నారు. కడియాలు మీ వైపు అలంకారం కాబోలు, ఉండనివ్వండి.

మామిడి చెక్క మాత్రం వద్దు. ఒక్క పూట కాదు, దేవుడి దయ వల్ల ఆయన చాలా ఏళ్లు కూర్చోవాలి.

వడ్రంగులు తేదీ చెప్పరని మా కాన్వెంటు సిస్టర్లు అనేవారు. నేను నమ్మలేదు. దయచేసి ఖచ్చితమైన తేదీ ఒకటి రాయండి. ఆలస్యం చేస్తే మాకు కష్టం. చెక్క బిగించిన తరువాత, పాలిష్ వెయ్యక ముందే, నాన్నగారు బండిలో రాజాం వచ్చి ఒకసారి కూర్చుని చూస్తానంటున్నారు.

ఇట్లు,
జె. నీలవేణి.

తా.క. ఇందులో దాచవలసింది ఏముందో నాకు అర్థం కాలేదు. ఆయనే రోజూ అడుగుతున్నారు.

* * *

రాజాం,
25-9-68.

అమ్మాయి గారికి దండాలు.

మాస్టారు కూకుని సూస్తారా? ఆ మాట సదివేసరికి దాలమ్మ సేతిలో సట్టి జారిపోయింది. నలబై ఏళ్లలో ఎవరూ ముందుగా వచ్చి కూకోలేదు. ఆయన గుండె ధైర్యానికి వంద దండాలు. కుడి నందిని ఎడమకి తిప్పుతాను.

ఖచ్చితమైన తేదీ అడిగారు. తల్లీ, సదువుకున్నోళ్లు, కోపం తెచ్చుకోకండి. కన్నతండ్రికి తేదీ అడగొచ్చా? ఆ తేదీ నాది కాదు. నా పైన ఒకడున్నాడు. వోడు సెప్పాలి. వోడు సెప్పకుండా నేను బాడిస పట్టుకోకూడదు. మీరు కబురంపండి, ఆరు గంటల్లో బండెక్కించేస్తాను. అంతవరకూ మాస్టారి కాళ్లొత్తండి, ఏది అడిగితే అది వండి పెట్టండి.

ఇట్లు,
జగన్నాధం.

తా.క. మీకు తోడుంటాడని మా ఊరి ఎల్లాజీని పంపతన్నాను. మంచోడు. తొందరపెట్టడు. అరుగు మీద కూకుంటాడు.

* * *

దబ్బలవలస,
4-10-1968.

జగన్నాధం గారికి,

నమస్కారం. మీ పైన ఒకరున్నారని రాశారు. వారి విలాసం పంపండి, నేరుగా వారికే రాస్తాను అని ఒక ఉత్తరం రాసి, కవరు అంటించి పెట్టాను. అది పోస్టు చేయక ముందే మీ ఎల్లాజీ వచ్చాడు. చించేశాను.

జరిగింది రాస్తున్నాను. నాన్నగారు అరుగు మీద గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉన్నారు. ఎల్లాజీ వచ్చి మెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు.

"ఎవరు నాయనా?" అన్నారు నాన్నగారు.

"నేనండి, రాజాం ఎల్లాజీనండి."

"ఏ పని మీదొచ్చావు?"

"పనేటీ లేదండి. తవరెప్పుడు... అదేనండి, తవరెలాగున్నారో సూసి, అయ్యిందాకా ఉండమన్నారండి."

"ఆ తువ్వాలు కిందేటి?"

ఎల్లాజీ తువ్వాలు సర్దుకున్నాడు. నాన్నగారే వంగి తువ్వాలు తీశారు. శంఖం. మా వాళ్లను మోసుకెళ్లేటప్పుడు ముందు నడిచేవాడు ఊదే శంఖం.

ఆయన దగ్గుతూ నవ్వారు, నవ్వుతూ దగ్గారు. "నాకింకా టైముందిరా. మజ్జిగ తాగు" అన్నారు. వాడు తాగాక, "నా కోసం తెచ్చిన శంఖం నేను వినకపోతే ఎలాగ? ఏదీ, ఊదు" అన్నారు. వాడు ఏడుస్తూ ఊదాడు. వీధి చివరింటి బుల్లమ్మ శోకాలు తీస్తూ పరిగెత్తుకొచ్చి, అరుగు మీద నాన్నగారిని చూసి ఆగిపోయింది. "ఏటి మాస్టారూ, సగం ఏడుపు మింగితే కడుపులో పోటొస్తాది, ముందే సెప్పొద్దేటి!" అని తిట్టింది.

జగన్నాధం గారూ, మా జంగాలలో పోయినవారిని పడుకోబెట్టరు. కూర్చోబెట్టి మోసి, కూర్చోబెట్టే సమాధి చేస్తారు. ఆ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. నా కొలతలు చూసి మీరు ఆ కుర్చీ అనుకున్నారు. నాన్నగారికి ఉబ్బసం. పడుకుంటే ఊపిరి ఆడదు. మోచేతులు ఆనించుకుని, అడ్డపలక మీదికి వాలితేనే గాలి అందుతుంది. ఆయనకు కావలసింది బతికున్న మనిషి కుర్చీ.

మర్యాద అనుకుని జబ్బు పేరు రాయకపోవడం నా తప్పు.

ఇట్లు,
నీలవేణి.

తా.క. ఎల్లాజీ బాగా ఊదాడని నాన్నగారు మీకు రాయమన్నారు. రెండోసారి ఊదినప్పుడు మాత్రం వాడికి ఊపిరి సరిపోలేదట.

* * *

రాజాం,
9-10-68.

తల్లీ,

ఏ మొకం పెట్టుకుని రాయను? దాలమ్మ రెండు రోజులై నాకు కూడెట్టలేదు. "మనిషి బతికుండగానే పాడె కట్టినోడివి, నీకు కూడెందుకురా" అంటాది.

నా బుర్ర ఎందుకలా పోయిందో సెప్తాను, తిట్టండి. సేతులున్న కుర్చీ బతికున్నోడికి నేను మూడే సేశాను. మునసబుకొకటి, తాలూకాఫీసుకొకటి, మీ ఊరి ప్రెసిడెంటు నరసింగరావు గారికొకటి. ఆయనది పడక్కుర్చీ. కుర్చీ సేతులు బారుగా సాపి వాటి మీద కాళ్లు పెట్టుకుంటారు. పని అడగడానికి వెళ్లినోడు ముందు అరికాళ్లకి దండం పెట్టాలి, ఆ తరవాత మొకం కనబడతాది. నేనే అలా సేశాను, అలాగే కావాలన్నారు. మిగతా జనానికి పీటలు, బల్లలు, నులక మంచాలు. మీ జంగాలకి మాత్రం సేతులున్న కుర్చీలు ముప్పై ఆరు సేశాను. అన్నీ పోయినాకే. బడిపంతులు బతికుండగా సేతులడుగుతాడని నాకు తట్టలేదమ్మా. ఆ పాపం నా ఒక్కడిదే కాదు.

ఇంకో పాపం. మీరు తొందరపెట్టేసరికి మనసాగక, పద్ధతి తప్పి, మొన్ననే అది సేసేశాను. మావిడి సెక్కే. నందులు కుదిరాయి. ఇప్పుడు దాన్నేటి సెయ్యను? అలాటిది బతికున్న ఇంటి గుమ్మం తొక్కకూడదు. మీకు టేకుతో వేరేది సేస్తాను. కాని పచ్చి దుంగ. ఆరాలంటే సంకురాత్రి దాటిపోతాది.

ఇట్లు పాపిష్టి,
జగన్నాధం.

తా.క. దాన్ని గోడకి తిప్పి పెట్టాను. మా పిల్లి ఎక్కి పడుకుంటంది. దానికేటీ కాలేదు.

* * *

దబ్బలవలస,
14-10-1968.

జగన్నాధం గారికి,

నమస్కారం. సంక్రాంతి దాకా ఆగడానికి లేదు. రెండు రోజులుగా మబ్బు పట్టింది. నాన్నగారు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఊపిరి తీస్తున్నారు.

మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను: "ఆ కుర్చీయే పంపమను. మంచి కుర్చీలో కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి లెమ్మంటారు. పోయినోడి కుర్చీ అయితే ఎవడూ లెమ్మనడు."

మా మేనత్త మరిడమ్మ ఒప్పుకోలేదు. గుమ్మం తొక్కకూడదు కదా, వెనక పెరటి గోడ మీద నుంచి దించితే తప్పు లేదని నాన్నగారు తీర్పు చెప్పారు. కనుక ఇద్దరు మనుషులను పంపండి.

ఇట్లు,
నీలవేణి.

తా.క. పిల్లి వివరం మా అత్తకు చాలా ధైర్యం ఇచ్చింది.

* * *

రాజాం,
21-10-68.

తల్లికి దండాలు.

బండెక్కించాను. ఎల్లాజీ తోడొస్తన్నాడు. శంఖం నా దగ్గరే ఉంచేశాను.

కడియాలు తియ్యలేకపోయాను. లాగితే మావిడి సెక్క సీలుతాది. గుడ్డ కప్పండి. అంచులు గీరి నున్నగా సేశాను. ఎప్పుడూ సెయ్యను, పోయినోళ్లకి గుచ్చుకోదు కదా. మోసేతుల కాడ కొబ్బరి పీచు పెట్టి మెత్తగా గుడ్డ కుట్టింది దాలమ్మ.

ఇట్లు,
జగన్నాధం.

తా.క. నేనే ఒకసారి కూకుని సూశాను. బాగున్నాది. మీకు సెప్పొచ్చు కదా అని సెప్తన్నాను, మరెవరికీ సెప్పలేదు.

* * *

దబ్బలవలస,
2-11-1968.

జగన్నాధం గారికి,

నమస్కారాలు. నాన్నగారు పన్నెండు రోజులుగా ఆ కుర్చీలో ఉన్నారు. మొదటి రోజు మధ్యాహ్నం బాసింపట్టు వేసుకుని, రెండు మోచేతులూ దాలమ్మ గారు కుట్టిన మెత్తల మీద పెట్టి, అడ్డపలక మీదికి వాలి, నాలుగు గంటలు నిద్రపోయారు. నాలుగు గంటలూ నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. ఊపిరి పిల్లంగోవిలా రావడం మానేసి మామూలు ఊపిరిలా వచ్చింది. మూడు నెలల తరువాత చప్పుడు లేని ఇల్లు విన్నాను.

లేచాక, "చేతులుంటే మనిషి రెండింతలవుతాడే" అన్నారు.

ఊరంతా వచ్చి చూసి వెళ్లారు. ఏ కుర్చీయో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు. మొన్న ప్రెసిడెంటు నరసింగరావు గారు కూడా వచ్చారు. మా ఇంట్లో ఇంకో కుర్చీ లేదు. పీట వేస్తే ఆయన కూర్చోరు. నాన్నగారు లేవబోయారు, ఆయాసం వల్ల లేవలేకపోయారు. ఆ విధంగా ప్రెసిడెంటు గారు నిలబడి, నాన్నగారు కూర్చుని, పావుగంట మాట్లాడుకున్నారు. ఈ ఊరు పుట్టాక ఇది మొదటిసారి అని బుల్లమ్మ లెక్క.

ప్రెసిడెంటు గారు కుర్చీ చేతుల వైపు చూస్తూనే ఉన్నారు. చివరికి, "మాస్టారూ, ఈ నందుల పనితనం మా ఇంట కూడా లేదు సుమండీ" అన్నారు.

"తమకు కావాలంటే జగన్నాధం చేస్తాడండి. కాకపోతే కాస్త ఆగాలి" అన్నారు నాన్నగారు. ఆయన నవ్వలేదు.

మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో పుస్తకాల్లో వెతికాను. దొరకలేదు.

మీ
నీలవేణి.

తా.క. మా అత్త కూడా నిన్న ఎవరూ చూడకుండా కూర్చుంది. నేను చూశాను.

* * *

రాజాం,
29-11-68.

తల్లీ,

సంతలో ఎవరో అంటే విన్నాను. మాస్టారు పోయి పది రోజులైందట. నమ్మలేక, మీ ఊరి నుంచి తిరిగొచ్చిన ఎల్లాజీని అడిగితే తల దించుకున్నాడు. కబురెందుకు సెయ్యలేదమ్మా? నన్ను పరాయోడిని సేశారు.

ఎల్లాజీ ఇంకో మాటన్నాడు. మాస్టారిని ఆ కుర్చీలో మొయ్యలేదన్నాడు. ఎందుకని అడిగితే, "మాస్టారి అమ్మాయిని అడుగు" అంటాడు. పద్ధతి ప్రకారం సేసిన కుర్చీ. ఆయన సూసుకున్న నందులు. అందులో ఎందుకు మొయ్యలేదు? దాంట్లో ఏటైనా లోపం జరిగిందా? కాలు విరిగిందా? నా పని వల్లే ఆయనకేటైనా అయిందేమోనని మూడు రోజులై ఉలి పట్టుకోలేకపోతన్నాను. నిజం రాయండి.

ఇట్లు,
జగన్నాధం.

* * *

దబ్బలవలస,
6-12-1968.

జగన్నాధం గారికి,

నమస్కారం. మీ పనిలో లోపం లేదు. జరిగింది వరుసగా రాస్తాను.

కొండవైపు గొడవల విచారణ అని నవంబరు పదహారున మా ఊళ్లో కేంపు పడింది. పెద్ద ఆఫీసరు వస్తే ఊళ్లో ఉన్న మంచి కుర్చీ కేంపుకు వెళ్లడం ఇక్కడి రివాజు. ప్రెసిడెంటు గారి పడక్కుర్చీలో కాళ్లు చాపుకోవడం కేంపులో బాగుండదన్నారు. ప్రెసిడెంటు గారే కేంపుతో వచ్చిన ఇద్దరు మనుషులను మా ఇంటికి పంపారు. "ఆఫీసరు గారికి కుర్చీ కావాలండి" అన్నారు వాళ్లు.

ఎవరూ లెమ్మనలేదు. 'ఆఫీసరు గారికి' అన్న మాట వినబడగానే నాన్నగారే లేచి నిలబడ్డారు. ప్రెసిడెంటు గారి ముందు లేవలేని మనిషి, ఆయాసంతోనే లేచారు. పైపంచెతో కుర్చీ చేతులు తుడిచారు. "పట్టుకెళ్లండి బాబూ" అన్నారు.

నేను గుమ్మంలో ఉన్నాను. అది పోయినవాళ్ల కుర్చీ అని ఒక్క మాట చెబితే వాళ్లు వదిలేసి పారిపోయేవారు. ఆ వాక్యం నా మనసులో పూర్తిగా తయారై ఉంది. నోట్లోకి రాలేదు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా రాలేదు. ఇన్నాళ్లూ ఆ వాక్యమే మళ్లీ మళ్లీ చెప్పుకుంటున్నాను.

మూడు రోజులు తుఫాను వాన. నాన్నగారు గోడకు ఆనుకుని ఉన్నారు. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు పోయారు. మోయడానికి కుర్చీ అడిగితే, ఆఫీసరు గారు అందులో భోంచేస్తున్నారు, లేచేదాకా ఆగమని ప్రెసిడెంటు గారి దగ్గర నుంచి కబురొచ్చింది. మేం ఆగలేదు. నిచ్చెన మీద పీట కట్టి మోసుకెళ్లాం. శంఖం మీ దగ్గరే ఉండిపోయిందట. కుర్చీతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఎల్లాజీ ఉత్త చేతులతో ముందు నడిచాడు.

తరువాతిది మీరు తెలుసుకోవాలి. కేంపు ఎత్తేసే రోజు వాగు నిండుగా ఉంది. ఆఫీసరు గారు గుడ్డ ఎత్తి కడియాలు చూశారు. "ఇవెందుకు?" అన్నారు. ఎల్లాజీ అక్కడే ఉన్నాడు. "మొయ్యడానికండి" అన్నాడు. ఆయన చాలా ముచ్చటపడ్డారు. కడియాల్లో కర్రలు దూర్చి, నలుగురు భుజాలకెత్తి, ఆయనను ఊరి నడి వీధి గుండా వాగు దాటించారు. ఆయన దాటిన ప్రతి వాకిట్లో ఆడవాళ్లు నీళ్లు చల్లారు. మన వైపు ఎవరిని మోసుకెళ్లినప్పుడు చల్లుతారో మీకు తెలుసు. ఆయన మర్యాద అనుకుని రెండు వైపులా దండాలు పెట్టారట. ఒక్కరూ నోరు విప్పలేదు. ఈ ఊళ్లో నేను ఒక్కదాన్నే మాట్లాడలేనిదాన్ని అనుకునేదాన్ని.

కుర్చీని ఆయన తనతో తీసుకెళ్లారు. పాత పద్ధతి పనితనమని, అలాంటివి ఇంకా ఆరు కావాలని నిన్న హుకుం వచ్చింది. ఊళ్లో ఇంగ్లీషులో ఆర్డరు కాగితం రాయగలిగింది నేనే కనుక ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చి రాయించారు. దీనితో పంపుతున్నాను. ఒక్కో కుర్చీ వీపు పలక మీద అందులో కూర్చునేవారి పేరు, హోదా చెక్కాలట. పేర్ల జాబితా జత చేశాను. అందులో మూడోది నరసింగరావు గారి పేరు. ఆయన సహకారానికి మెచ్చి ఆఫీసరు గారే చేర్చారు. అదేం కుర్చీయో ఆయనకు తెలుసు. వద్దనాలంటే, ముందు ఆఫీసరు గారికి తను ఏ కుర్చీ పంపారో చెప్పాలి. చెప్పలేదు. తన పేరు నా చేత రాయించేటప్పుడు ఆయన తలుపు వైపు తిరిగి నిలబడ్డారు. నేను తలెత్తకుండా, గుండ్రటి అక్షరాలతో రాశాను.

మామిడి చెక్క చాలు. చెయ్యండి.

ఇట్లు,
నీలవేణి.

తా.క. ప్రతి పేరు కింద ఒక తేదీ పట్టేంత వరుస ఖాళీ వదలాలని ఆర్డరులో నేను చేర్చాను. ఎందుకని ప్రెసిడెంటు గారు అడగలేదు. సంతకం పెట్టారు.